వన్స్ మోర్ రాని పాట

నన్ను నాటక కవి అంటారు. ఎనిమిది నాటకాలు రాశాను. ఐదు ఆడాయి, మూడు పెట్టెలో ఉన్నాయి. కడపలో ఒకసారి శాలువా కప్పి, పేరుకు ముందు రెండు బిరుదులు తగిలించారు. వాటిలో ఒకదాని అర్థం నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. కరపత్రాల్లో ఎప్పుడూ ఒకే ముక్క అచ్చయ్యేది: మాటలు, పద్యాలు, పాటలు, వరసలు అన్నీ ఈయనవే అని. అది అబద్ధం. మాటలు మాత్రమే నావి. మంచి వరసలన్నీ నా భార్యవి. ఈ సంగతి ఆమె బతికి ఉండగా చెప్పాల్సింది. చెప్పలేదు కాబట్టి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మాది మైదుకూరు దగ్గర నేతవాళ్ళ వీధి. నలభై ఇళ్ళు, ఇంటికొక గుంట మగ్గం. ఆమె మా పెద్దక్క కూతురు. అందుకని పెళ్ళయ్యాక కూడా నన్ను మామా అనే పిలిచేది. నేను గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే, ఆమె నా పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. నాకు వీధి బడిలో నాలుగక్షరాలు వచ్చాయి. తర్వాత ఒక హరిదాసుగారి వెంట రెండు వేసవులు తాళాలు మోసుకుంటూ తిరిగి పద్యం కట్టడం నేర్చుకున్నాను. మగ్గం ఆడుతుంటే నోట్లో పద్యం ఆడేది. గొంతు మాత్రం దేవుడు ఇవ్వలేదు. నేను పాట ఎత్తుకుంటే మా అరుగు మీద పడుకున్న కుక్క లేచి ఇంకో అరుగు చూసుకునేది.

ఆమెకు అక్షరం రాదు. రాగం పేరు ఒక్కటి తెలియదు. కానీ నేను ఒక పద్యాన్ని నాలుగుసార్లు గొణిగితే, ఐదోసారికి ఆమె దానికొక వరస పట్టుకుని సన్నగా కూనిరాగం తీసేది. మొదట్లో నేను గమనించనే లేదు. ఆ వరస నాకే తోచిందనుకుని మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు ఆమె రాట్నం ఆపి, "ఆ మాట ఈడ ఇరగ్గూడదు మామా. పాడేటోనికి ఊపిరి అందదు. ఇంగా ముందే ఇరుపు," అంది. ఆమె చెప్పిన చోట విరిచి చూశాను. చచ్చిపడి ఉన్న పద్యం లేచి కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎవరి పాటను ఎవరు తమదనుకుంటున్నారో అప్పుడు అర్థమైంది. పడుగు నాది, పేక ఆమెది. ఉత్త పడుగును ఎవరూ కట్టుకోలేరు.

అప్పుడే మైదుకూరులో ఒక బట్టల వ్యాపారి నాటక సమాజం పెట్టాడు. మేమంతా ఆయన్ను కంట్రాక్టరు అనేవాళ్ళం. నా మొదటి నాటకం ఆయనే ఆడించాడు. నటులు మధ్యాహ్నం పూట మా అరుగు మీదికి వచ్చి వరసలు నేర్చుకునేవాళ్ళు. నాటకాలవాళ్ళ ముందుకు మా ఇంటి ఆడవాళ్ళు రాకూడదు. కాబట్టి ఆమె నాకు నేర్పేది, నేను నా కాకి గొంతుతో వాళ్ళకు నేర్పేవాణ్ణి. నేను తప్పితే లోపలి నుంచి ఆమె ఒకసారి దగ్గేది. నటుడు తప్పితే రెండుసార్లు దగ్గేది. ఒకనాడు ఆడవేషాలు కట్టే ఆయన, పాపం మంచివాడు, వెళ్ళిపోతూ నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, మీ ఇంట్లో దగ్గు శానా ఉండాది. మిరియాల కషాయం తాపు," అన్నాడు. ఆయన వీధి దాటేదాకా ఓపిక పట్టి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆమె అలా నవ్వడం నేను చూసింది శానా తక్కువ. శానా అని రాసేశాను చూశారా, ఆమె మాట వస్తే నా చెయ్యి కూడా ఇంటి భాషలోకి పోతుంది.

రెండో నాటకం ఆడిన ఏడాది మా కొడుకు పోయాడు. మూడేళ్ళవాడు. అమ్మవారు పోసింది. మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్ళు శోకం తీస్తారు. పోయినవాళ్ళ గుణాలన్నీ వరసబెట్టి చెప్పుకుంటూ, రాగం తీసి, గుండె ఖాళీ అయ్యేదాకా ఏడుస్తారు. ఎంత దుఃఖమైనా కొంత అందులో పోతుంది. కానీ అమ్మవారు తీసుకుపోయిన బిడ్డకు శోకం తీయకూడదని మా పెద్దల మాట. తల్లి ఏడిస్తే అమ్మవారికి కోపం వస్తుందట, వీధిలో ఇంకో ఇంట్లో అడుగు పెడుతుందట. వీధిలో ఇంకా ఐదారుగురు పిల్లలు మంచాల మీద ఉన్నారు. మా అమ్మ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టి పట్టుకుంది. బిడ్డను చడీ చప్పుడు లేకుండా తీసుకెళ్ళాం. మూడో రోజు ఆమె మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏడుస్తుందని భయం.

తర్వాత కొన్నేళ్ళకు కరువు వచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో బావులు ఎండి, ఉన్నవాటినే ఇంకా లోతుకు తవ్వుతుండేవాళ్ళు. ఒక పల్లెలో గోడ విరిగి ఇద్దరు మట్టిలో ఉండిపోయారు. అది చూసి వచ్చాక నాకు రాజుల మీద, రుషుల మీద మనసు పోలేదు. ఒక విధవ తల్లి, ఒక్క కొడుకు. ఊరి కోసం బావి తవ్వడానికి కొడుకు దిగుతాడు. నీళ్ళు పడతాయి, గోడ విరుగుతుంది. ఇంతే కథ. జనం తర్వాత దాన్ని బావి నాటకం అన్నారు. కంట్రాక్టరు మాత్రం కథ విని తల పట్టుకున్నాడు. "రాజు లేడు, రాణి లేదు, కిరీటం ల్యాకుండా ఎట్లప్పా? బాయి సూడ్డానికి టికెట్టు కొని వస్తారా జనం? బాయి వాల్ల ఇంటికాడ్నే ఉండాది గదా," అన్నాడు. నేను మొండికెత్తాను. చివరకు ఒప్పుకున్నాడు.

అన్ని పాటలూ కుదిరాయి గానీ, బావి గట్టు మీద తల్లి ఏడ్చే పాట దగ్గర బండి ఆగిపోయింది. మాటలు తేలికైనవే:

నీళ్ళు పడినాయి కొడుకా, పైకి రారా
కడవ నిండింది కొడుకా, పైకి రారా

ఇరవై రోజులు ఆ రెండు ముక్కలూ గొణిగాను. ఆమె కండెలు చుడుతూనే ఉంది, నోరు మాత్రం విప్పలేదు. నాకు విసుగొచ్చి, "ఏమే, ఈ పాట మీద ఏమన్నా పంతమా నీకు?" అని కసిరాను. అంత మొద్దును నేను. మర్నాడు మధ్యాహ్నం రాట్నం ఆగింది. ఆమె గోడవైపు తిరిగి కూర్చుని ఆ పాట పాడింది. ఎక్కడ ఎత్తుకుందో, ఎక్కడ దింపిందో నాకు చెప్పడం రాదు. "రారా" అన్న మాట దగ్గర గొంతు మెల్లగా జారి, కింద పడకుండా మళ్ళీ పైకి పాకేది. నా చేతిలో పేక దారపు నాడె ఆగిపోయింది.

పాడటం అయ్యాక ఆమె నావైపు తిరక్కుండానే చెప్పింది. "ఇది వానిది మామా. వాన్ని ఎత్తుకోని పోయిన దినం నా నోరు మూసినారు గదా. అప్పుట్నుంచి లోపల్నే తిరుగుతాండాది. నాటకంలోనన్నా బయటికి పోనీ." రాట్నం మీద చెయ్యి వేసి మళ్ళీ అంది. "ఒక్కటే అడుగుతా. దీన్ని నేను ఒకపారి నలుగురి నడమ కూచ్చోని ఇనాల."

"ఇందువులే," అన్నాను. ఇంత చిన్న కోరిక తీర్చడం ఏం పని అనుకున్నాను.

నాటకం మొదటిసారి మైదుకూరులోనే ఆడింది. అప్పటికి ఆమె బాలింత, మా కూతురు పుట్టి వారం కాలేదు. ఇంకోసారి చూద్దువులే అని చెప్పి నేను వెళ్ళాను. ఇక్కడ మా నాటకాల అలవాటు ఒకటి చెప్పాలి. మా జనానికి పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని అరుస్తారు. నటుడు మళ్ళీ పాడాలి. యుద్ధంలో చచ్చిపడిన రాజైనా సరే, లేచి దుమ్ము దులుపుకుని, పద్యం ఇంకోసారి పాడి మళ్ళీ చావాలి. ఎన్ని వన్స్ మోర్లు వస్తే అంత గొప్ప పద్యం. రాని పద్యం చచ్చినదాని కింద లెక్క. మేమంతా ఈ కొలతతోనే బతికాం. ఆ రోజు ఆడవేషం ఆయన బావి గట్టు మీద కూర్చుని, ఆమె నేర్పిన వరసను పొల్లు పోకుండా పాడాడు. పాట అయింది. చప్పట్లు లేవు. ఒక్క గొంతు లేవలేదు. అంత జనంలో పందిరి గుంజకు కట్టిన ఎద్దు మెడలో గంట వినిపించింది. తెర పక్కన నిలబడి నేను ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాను.

కంట్రాక్టరు నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోయిందప్పా పాట. సూస్తివి గదా, ఒక్కడన్నా నోరు తెర్సలా," అన్నాడు. మా సమాజంలో హార్మోనియం వాయించే ఆయన మాట అందుకున్నాడు. ఆయన దగ్గర ఒక కంపెనీ నాటకం వరస ఉంది, దూకుడుగా ఉంటుంది, పై శృతిలో ఆగి మూడుసార్లు తిప్పవచ్చు. దాన్ని పెట్టెమీద వాయించి చూపించాడు. నా మాటలు అందులో సరిగ్గా కూర్చున్నాయి. నేను ఎంతసేపు ఆలోచించానంటే, ఒక బీడీ కాలేంతసేపు. సరే మార్చండి అన్నాను. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. చచ్చిన పద్యం రాసినవాడని అనిపించుకోవడం ఇష్టం లేక ఒప్పుకున్నాను.

కొత్త వరసకు మొదటి రోజే మూడు వన్స్ మోర్లు వచ్చాయి. నాటకం కడప, జమ్మలమడుగు, నంద్యాల, కర్నూలు తిరిగింది. తల్లి మూడోసారి ఏడ్చేలోపల, బావిలో చచ్చిపోయిన కొడుకు వెనక నుంచి వెళ్ళి బీడీ తాగి వచ్చేవాడు. శాలువా కప్పింది కూడా ఆ పాటకే. ఇంటికి వచ్చి శాలువా చూపిస్తే ఆమె దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "నేత మంచిదే," అంది. తర్వాత అడిగింది: "ఆ పాటకు జనం ఏమంటాండారు మామా?"

"శానా బాగుండాది అంటాండారు," అన్నాను.

"ఏడుస్తాండారా?"

"ఆఁ," అన్నాను.

రెండేళ్ళు అలా నెట్టుకొచ్చాను. నాటకం దగ్గర్లో ఆడితే పిల్లకు ఒళ్ళు బాగా లేదనో, బండి దొరకలేదనో ఒక సాకు చెప్పేవాణ్ణి. ఆమె నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో తెలియదు. చివరకు పిల్ల మొక్కు తీర్చడానికి ఒంటిమిట్ట వెళ్ళాం, మా పెద్దక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా వచ్చారు. తిరుగు దారిలో కడపలో ఆగాం. నా ఖర్మ, ఆ రోజే అక్కడ ఆడవాళ్ళ కోసమని మా బావి నాటకం పగటి ఆట వేశారు. మా అక్క గోడమీద కాగితం చూసి ఎవరినో అడిగి తెలుసుకుంది. "తమ్ముడి నాటకం గదా, పోదాం పాండి," అని అందరినీ బయలుదేరదీసింది. దారిలోనన్నా నిజం చెప్పి ఉండవచ్చు.

నేను తెర సందులోంచి ఆమెనే చూస్తూ నిలబడ్డాను. ముందు వరసలో, ఒళ్ళో పిల్లతో, కొత్త చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. కొడుకు బావిలోకి దిగే ఘట్టం రాగానే పిల్లను మా అక్క ఒళ్ళోకి మార్చింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నడుము నిటారుగా చేసింది. ఆమె ఏడవడానికి సిద్ధమవుతోందని నాకు తెలుసు. ఇన్నేళ్ళకు, నలుగురి మధ్య. హార్మోనియం ఎత్తుకుంది. దూకుడు వరస. ఆమె మొహంలో ముందు ఏమీ మారలేదు, ఇది వేరే పాట అయి ఉంటుంది, తన పాట తర్వాత వస్తుంది అనుకున్నట్టుంది. తన పాటలోని మాటలే వినపడ్డాక చేతులవైపు చూసుకుంది. చుట్టూ ఆడవాళ్ళు వన్స్ మోర్ అన్నారు. రెండోసారి పాడేటప్పుడు ఆమె పిల్లను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

బండిలో మైదుకూరు దారిలో చాలాదూరం వచ్చాక, మా అక్క కునుకు తీస్తున్నప్పుడు అడిగింది.

"నా పాట బాగలేదా మామా?"

"జనం వన్స్ మోర్ అనలేదు మే."

"అనకపోతే?"

"నాటకం నడవదు."

ఆమె కాసేపు ఎద్దుల వైపు చూసి, "సరే," అంది. తిట్టి ఉంటే బాగుండేది. మా వీధిలో మొగుణ్ణి తిట్టడం ఆడవాళ్ళకు కొత్త కాదు, నోరున్నవాళ్ళు శుభ్రంగా తిడతారు. ఆమె ఆ ఒక్క మాటతో సరిపెట్టింది.

తర్వాత ఆమె రాట్నం దగ్గర కూర్చోవడం మానలేదు. కండెలు ఎప్పట్లాగే చుట్టింది. కూనిరాగం మాత్రం ఆగిపోయింది. నేను కొత్త పద్యం గొణిగితే వినేది. ఎలా ఉంది అని అడిగితే, "నాకేం తెల్సు, నువ్వే కట్టుకో," అనేది. నేను అక్కడా ఇక్కడా విన్న కంపెనీ వరసలు తెచ్చి అతికించాను. వాటిలో రెండు నాటకాలు ఆడి పడిపోయాయి, మూడింటిని ఎవరూ అడగనే లేదు. టాకీలు వచ్చి జనాన్ని లాక్కుపోయాయని అందరితో చెప్పుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నా నాటకాలు టాకీల కంటే ముందే పోయాయి.

కంట్రాక్టరు సమాజం మూసేసి మళ్ళీ బట్టల కొట్లో కూర్చున్నాడు. నేను మళ్ళీ రోజంతా మగ్గం మీదే ఉన్నాను. కూతురికి పెళ్ళి చేసి పంపాక, ఆమెకు నిజంగానే దగ్గు పట్టుకుంది. ఒక ఎండాకాలమంతా మంచం మీద ఉంది. వైద్యుడు పెదవి విరిచిన రోజు, నేను మంచం పక్కన కూర్చుని, సిగ్గు విడిచి అడిగాను. "మే, ఆ పాట ఒక్కపారి పాడు. నేను మర్సిపోయినా, మల్లా నేర్చుకుంటా."

ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపం ఏమీ లేదు ఆ చూపులో. "యాడ పోయిందో మామా అది. ఎంత ఎతికినా దొరకల్యా," అంది. అంటే ఆమె కూడా వెతుక్కుంది. ఎప్పుడు వెతుక్కుందో, నేను పక్కన నేస్తుండగానే వెతుక్కుందేమో. ఎనిమిదో రోజు పోయింది. మా కూతురు, వదినలు అందరూ గొంతు తెరిచి శోకం తీశారు. ఆ వరసలన్నీ చెవులు రిక్కించుకుని విన్నాను. వాటిలో ఆమెది లేదు.

తర్వాత ఊళ్ళు పట్టుకుని తిరిగాను. ఆడవేషం ఆయన కర్నూలులో ముసలివాడై ఉన్నాడు. పాట ఎత్తుకోమంటే గబగబా దూకుడు వరస ఎత్తుకున్నాడు. అది కాదు, మొదటి రోజుది అన్నాను. చాలాసేపు తల గోక్కున్నాడు. "ఒక్కనాడే గదప్పా అది పాడింది. ఇది వందసార్లు పాడినా," అన్నాడు. హార్మోనియం ఆయన నంద్యాలలో దొరికాడు. ఆయన నిజం చెప్పాడు. "అది మెట్టుకూ మెట్టుకూ నడమ జారుతాండె. నా పెట్టెకు అందలా. అందుకే నాకు దానిమీద కోపం వచ్చింది," అని తల వంచుకున్నాడు. ఆయన్ను ఏమని తిట్టను, ఒప్పుకున్నది నేను.

స్వరాజ్యం వచ్చిన రోజు మైదుకూరులో జెండా ఎగరేశారు. పాత కవిని కదా, నన్ను కూడా ఒక కుర్చీలో కూర్చోబెట్టి, నేను రాసిన నాలుగు చరణాలు బడిపిల్లలతో పాడించారు. అందరికీ మిఠాయి పంచారు. జనం పలచబడ్డాక ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి, నా మొహంలోకి వంగి చూసింది. "బాయి నాటకం రాసింది నువ్వే గదప్పా?" అంది. అవునన్నాను.

"ఫస్టు ఈడ ఆడినప్పుడు సూసినా. ఆ తల్లి పాట. ఆ పొద్దు మా ఆడోల్ల పక్క కండ్లు తుడ్సుకోనిది ఒక్కతె లేదు. మొగోల్లు కూడా తలకాయలు దించుకోని కూచ్చున్నారు. మల్లా మా సెల్లెలి ఊర్లో సూస్తే ఆ పాట లేదు, ఏందో గంతుల పాట పెట్టినారు. ఎందుకప్పా తీసేస్తిరి?"

"ఎవరూ వన్స్ మోర్ అనలేదు కదమ్మా," అన్నాను.

ఆమె నన్ను ఒక పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "బిడ్డ పోయి ఏడుస్తాండే తల్లిని పట్టుకోని, ఇంగొకపారి ఏడువమ్మా అని ఎవురన్నా అడుగుతారాప్పా?"

ఆ వరస గుర్తుందా అని అడిగాను. లేదంది. ఏడ్చినది మాత్రం గుర్తుందంది. చేతిలోని మిఠాయి కొంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది. నేను కుర్చీలోంచి లేచి ఇంటివైపు నడవడం మొదలుపెట్టాను. కాళ్ళకు ఎక్కడ లేని వేగం వచ్చింది. ఇంటికి పోగానే ఆమెకు చెప్పాలి, మే, ఆ పొద్దు మన పిల్లోని కోసం మైదుకూరంతా ఏడ్చిందంట, అని. మా వీధి మలుపు దాకా ఆ మాటే మనసులో అనుకుంటూ వచ్చాను. మలుపు దగ్గర గుర్తొచ్చింది.